కొక్కెరే అనుకున్నాను

అవ్వ గోనెసంచిలో కోడిని పట్టుకొచ్చేసరికి నేను రైతు భరోసా కేంద్రంలో కూర్చుని టిఫిన్ బాక్సు మూత తీస్తున్నాను. ఆమె సంచిని గడప లోపల దించి మూతి విప్పింది. నల్లపెట్ట, మంచి వయసులో ఉన్నది, మెడ వాల్చేసి ఉంది.

"రేత్రి బాగానే గంప కిందికి పోయిందమ్మా. తెల్లారి గంప ఎత్తితే కట్టెబారిపోయి ఉండాది. కొక్కెర రోగమేనా?"

కుర్చీలోంచి లేవకుండానే చూశాను. "కొక్కెరే అయ్యుంటదిలే అవ్వా. టీకాలకు పిలిస్తే ఒక్కరూ రారు. లోతుగా గుంత తీసి, సున్నం జల్లి పూడ్చెయ్" అన్నాను. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను ఇడ్లీ తిన్నాను. సాయంత్రం వారం రిపోర్టులో కోళ్ల మరణాలు అనే గడిలో 'నిల్' అని కొట్టి పంపించాను.

అది 2024 ఫిబ్రవరి 8, గురువారం. తెల్లారితే అమావాస్య. ఆ తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది, వస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లా కోవూరు వైపు ఒక ఊళ్లో పశుసంవర్ధక సహాయకురాలిని. రెండేళ్ల డిప్లొమా చదివి సచివాలయం ఉద్యోగంలో చేరాను. ఊళ్లో మాత్రం అందరికీ 'పశువుల డాక్టరమ్మ'నే. కాదని చెప్పి చెప్పి విసిగి మానేశాను. గేదెలకు గాలికుంటు టీకాలు, మేకలకు పారుడు రోగం టీకాలు, దూడలకు నట్టల మందు, చెవులకు పోగులు, అప్పుడప్పుడు అర్ధరాత్రి ఈత కష్టమైన గేదె. కోళ్లు నా పనిలో చివరి వరస. నాటుకోళ్లలో కొక్కెర ఏటా వచ్చేదే. రాణికెట్ అని పుస్తకాల్లో ఉంటుంది, ఊళ్లో కొక్కెర అంటారు. వచ్చిందంటే వీధిలో గంపలన్నీ ఖాళీ చేసి పోతుంది. కోడి చచ్చిందని ఎవరైనా వస్తే నోట్లోంచి ముందు ఆ మాటే వస్తుంది, డాక్టరు గారి నోటి నుంచి వైరల్ ఫీవర్ అని వచ్చినట్టు.

వారం తిరిగి రథసప్తమి వచ్చేసరికి జిల్లా అంతా ఒకటే మాట. పొదలకూరు మండలం చాటగుట్లలో, మా కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో చనిపోయిన కోళ్ల నమూనాలు భోపాల్ పోయాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. దేశంలో ఎక్కడ కోడి చచ్చినా ఈ రోగం అవునో కాదో చివరి మాట చెప్పేది భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబే. రోగం బయటపడిన చోటు నుంచి కిలోమీటరు దూరం దాకా ఒక వృత్తం, 10 కిలోమీటర్ల దాకా ఇంకో వృత్తం. లోపలి వృత్తంలో చికెన్ షాపులు మూడు నెలలు తెరవకూడదు, బయటి వృత్తంలో మూడు రోజులు. లోపలి వృత్తంలో పని చేసేవాళ్లు వేరు, వాళ్లది కోళ్లను చంపి పూడ్చే పని. బయటి వృత్తంలో ఉన్నవాళ్లది నిఘా పని.

మా డాక్టరు సార్ ఫోన్‌లో మ్యాపు తెరిచి, గుమ్మళ్లదిబ్బ మీద వేలు పెట్టి గీత లాగారు. ఆ వృత్తానికి మండలం హద్దులు తెలియవు, కాలవలు తెలియవు. మా ఊరు దాని లోపలే పడింది.

నాకు వెంటనే గుర్తొచ్చింది నల్లపెట్ట.

చెప్పాలి కదా, చెప్పలేదు. ఆ పూట మీటింగులో పదిహేను మందిమి ఉన్నాం. సార్ ఒక్కొక్కరినీ "మీ ఊళ్లో ఈ మూడు వారాల్లో ఏమన్నా చచ్చాయా?" అని అడుగుతూ వస్తున్నారు. నా వంతు వచ్చింది. "మామూలే సార్" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన "ఒక్క కోడికి ఇంత టెన్షనా" అన్నాడు. ఒక్క కోడే. కానీ ఆ సంచి పెట్టిన గడప మీదనే ఆ రోజంతా రైతులు నడిచారు. ఆ చెప్పులతోనే నేను మధ్యాహ్నం కాలనీకి పోయి మేకలకు టీకాలు వేశాను. పనిలో పనిగా నాలుగిళ్లలో కోళ్లకు కూడా రెక్క కింద కొక్కెర టీకా పొడిచాను. ఆ కోడికి ఉన్నది కొక్కెర కాకపోతే, ఆ నాలుగిళ్లకు రోగాన్ని మోసుకెళ్లింది నేనే.

తెల్లారి ఆరింటికి సార్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. తిడతారనుకున్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"కోడిని ముట్టుకున్నావా?"

"లేదు సార్. సంచి నేల మీద పెట్టింది."

"ఎన్ని గంటలకు? ఆ తర్వాత నువ్వు ఎక్కడెక్కడికి పోయావు? వరసగా రాసుకుని రా. మొదటి పేరు నీదే రాయి."

కాగితం మీద ముందు నా పేరు, నా స్కూటీ, నా చెప్పులు, నా టీకాల ఐసు పెట్టె. వాటి కింద తొమ్మిది ఇళ్లు. రోగం ఆచూకీ తీయడం అంటే ఎవరో పెద్ద ఆఫీసర్లు కంప్యూటర్లో చేసే పని అనుకునేదాన్ని. తీరా చూస్తే, నిన్న ఎక్కడ తిరిగావో దాచకుండా చెప్పడంతో మొదలవుతుంది.

సార్ మాకు ఒక ఫారం ఇచ్చారు. మొదట చచ్చిన కోడి ఏది, ఏ రోజు, ఎన్నింటిలో ఎన్ని, ఈ మధ్య కొత్త కోడిని తెచ్చారా, ఎవరి దగ్గర, ఇంటికి ఎవరెవరు వచ్చారు, కోళ్లు ఎక్కడి నీళ్లు తాగుతాయి, చెరువు ఎంత దూరం, చచ్చినదాన్ని ఏం చేశారు. వెనక్కి ఒక దారి, ముందుకు ఒక దారి. వెనక్కి అంటే ఇది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది. ముందుకు అంటే ఇక్కడి నుంచి ఎక్కడికి పోయి ఉంటుంది. రెండేళ్ల కిందట ఆవులకు లంపీ, అదే చర్మం మీద ముద్దలు లేచే రోగం, వచ్చినప్పుడు ఈ పని కొంత సులువుగా నడిచింది. ఆవు చెవికి 12 అంకెల పోగు ఉంటుంది, అంకెలు కొడితే యజమాని వస్తాడు. కోడికి ఏముంది? మధ్యాహ్నం ఏ ఇంటి ముందు గింజలు చల్లితే అది ఆ ఇంటి కోడి.

ఫారంలో అన్నిటికన్నా కష్టమైన గడి తేదీ. మా ఊళ్లో ఎవరికీ తేదీ గుర్తుండదు, పంచాంగం గుర్తుంటుంది. "కనుమకి కోసింది పోను నాలుగున్నాయి, అందులో ఒకటి పోయింది." "మా పాప సమర్త రోజు ముందర." "అమావాస్య పోయి రెండు దినాలు." నా దగ్గర గోడ క్యాలెండరు చించిన కాగితాలు రెండున్నాయి, జనవరిది, ఫిబ్రవరిది. ప్రతి గుమ్మంలో వాటిని పరిచి, వేలు పెట్టించి, తేదీ రాబట్టాను. ఒక మామ అయితే "రథసప్తమికి ఎదురు ఆదివారం" అని, అది ముందు ఆదివారమో తర్వాత ఆదివారమో తేల్చుకోలేక భార్యతో పోట్లాట పెట్టుకున్నాడు.

చివరి గడి, 'చచ్చినదాన్ని ఏం చేశారు' అన్నది, అడగ్గానే ఇల్లంతా నిశ్శబ్దం. పూడ్చాం అంటారు. ఎక్కడ అంటే చెయ్యి గాల్లో ఊపుతారు. మూడో ఇంట్లో ఒకామె నవ్వేసింది. "చచ్చిందాకా ఎవరు చూస్తారు మే. తూగతా ఉంటే కోసేశాం." ఆ మాటతో నా ఫారం పశువుల శాఖ నుంచి వైద్య శాఖకు పోయింది. ఆశా కార్యకర్త అక్క, ఏఎన్ఎం అక్క నా వెనకాలే ఇంటింటికీ జ్వరాలు అడుగుతూ తిరుగుతున్నారు. కోసిందెవరు, ఈకలు పీకిందెవరు, వాళ్లకు పది రోజులుగా దగ్గూ జ్వరమూ ఉన్నాయా. బాగా ఉడికించిన కూర తింటే ఏమీ కాదు, 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ నిలవదు. ప్రమాదమంతా కోసే చేతికి, ఈకలు పీకే చేతికి, పక్కన కూర్చుని చూసే పిలకాయలకు. అప్పుడు మా ఊళ్లో అది అతి జాగ్రత్త అనుకున్నారు. మరుసటి ఏడాది, 2025 మార్చిలో, పల్నాడుకు చెందిన ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 అనే ఈ బర్డ్ ఫ్లూ వైరస్ సోకి చనిపోయింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నాకు ఆ నవ్వినామె ఇల్లు గుర్తొచ్చింది. ఆమె ఒళ్లో కూడా అప్పుడు ఒక పిల్ల ఉంది.

రెండు రోజుల్లో నాలుగు వీధులు తిరిగితే మొత్తం ఆరు కోళ్లు తేలాయి, పదకొండు రోజుల్లో. సార్ తెల్లకాగితం మీద రోజుకొక గడి గీసి, చచ్చిన కోడికి ఒక చుక్క పెట్టమన్నారు. పెట్టాను. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ, మధ్యలో మూడు ఖాళీ గడులు.

"బర్డ్ ఫ్లూ ఒక గంపలో దూరితే చుక్కలు కుప్ప పడతాయి. రెండు మూడు రోజుల్లో ఆ ఇంట్లో ఏదీ మిగలదు. ఇవి చెదిరి ఉన్నాయి. ఇళ్లు కూడా పక్కపక్కన లేవు" అన్నారు సార్.

"అంటే కాదా సార్?"

"కాదని కాదు. కుప్ప లేదు, అంతే."

అవ్వ ఇంటికి పోయి చూశాను. మిగతా ఏడు కోళ్లూ దొడ్లో గెలుకుతున్నాయి, జుట్టు ఎర్రగా ఉంది, నీలం తిరగలేదు, తలలు వాయలేదు. పూడ్చిన చోటు చూపించమన్నాను. ఆమె మనవడు నీళ్లు పోసే మట్టి దిబ్బ పక్కన, తాటాకుల కింద చూపించాడు. తవ్వి తీస్తే ఉపయోగం ఉంటుందా అని సార్‌ను అడిగాను. సున్నం వేసి పూడ్చి పది రోజులైందాన్ని తవ్వితే కంపు తప్ప ఏం వస్తుంది అన్నారు. సున్నం వెయ్యమన్నది నేనే. అవ్వ ఎప్పుడూ నా మాట వినదు, ఆ ఒక్కసారి విన్నది.

ఇక బాతుల సంగతి.

మా వైపు ముందుగా నాటిన వరి కయ్యలు కోతకొచ్చాయంటే బాతులోళ్లు దిగుతారు. వందల బాతులు, ఒక్కో మందలో ఎనిమిది వందలు, వెయ్యి. కోసిన కయ్యలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని తింటాయి. రాత్రికి కాలవ గట్టున వల కట్టి అందులో తోలతారు. తెల్లారి గుడ్లు ఏరుకుంటారు. ఒక చోట మేత అయిపోతే బండి ఎక్కించి ఇంకో ఊరు. కోళ్లను కుప్పలుగా చంపే ఈ రోగం బాతుల్లో కొన్నిసార్లు ఏ గుర్తూ లేకుండా తిరుగుతుంది. బాతు తింటుంది, ఈదుతుంది, గుడ్డు పెడుతుంది, దాని రెట్టలో మాత్రం వైరస్ ఉంటుంది. చలికాలం మా చెరువుల మీద వాలే వలస పక్షులతో కలిసి అదే నీళ్లలో మేస్తుంది, తర్వాత మన కయ్యలోకి వస్తుంది, అదే కయ్యలోకి మన ఇంటి కోడి పోతుంది. పులికాట్, నేలపట్టు వైపు గూడబాతుల్ని అనుమానించడం అందరికీ సులువు, అవి జవాబు చెప్పవు కదా. మా సార్ మాత్రం ముందు నేల మీద నడిచేవాటిని చూడండి, ఆకాశం తర్వాత అనేవారు.

బాతుల మంద ఒకటి మా ఊరి కింది కయ్యల్లో ఐదు రోజులుండి, అమావాస్యకు రెండు రోజుల ముందు పోయింది. ఎవరు వాళ్లు? కయ్య రైతుకు తెలియదు. "ఎవురో బాతులోళ్లు. మేపుకుంటామన్నారు, మేపుకోమన్నా. పోయేటప్పుడు పాతిక గుడ్లిచ్చి పోయినారు." పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. టీ కొట్టు అన్న "నల్లగా, సన్నగా, తలకి తువ్వాలు చుట్టుకుని" అన్నాడు. మా జిల్లాలో సగం మంది అట్లాగే ఉంటారు.

దారి చూపింది మూడో తరగతి పిలకాయ. బడి వదిలాక కాలవ గట్టు మీద ఆడుకుంటూ బాతుల్ని ఎక్కించడం చూశాడట. "ఏస్ బండి మేడం. రెండు అంతస్తులు కట్టుండాది. బండి వెనకాల పులి బొమ్మ, పులికి మీసాలు ఎర్రవి." పులి మీసాలు ఎర్రగా ఉన్న టాటా ఏస్. కోవూరు సెంటరులో బండ్లు నిలిపే చోట రెండు గంటలు నిలబడితే దొరికాడు. డ్రైవరు ముందు తనది కాదన్నాడు. పులిని చూపించాను. అప్పుడు ఒప్పుకుని, అల్లూరు వైపు ఒక చెరువు కింద దించి వచ్చానని చెప్పాడు. బండి కడిగావా అంటే, "ఆ మర్నాడే ఎరువు బస్తాలు ఎత్తినాను మేడం, ఇంక కడిగేదేంది" అన్నాడు. దాంతో ముందుకు పోయే దారిలో ఇంకో గీత. ఆ ఎరువు బస్తాలు ఏ ఊళ్లో దిగాయో దాన్నీ రాసుకున్నాను.

మర్నాడు సార్, నేను, అక్కడి మండలం వాళ్లు కలిసి పోయాం. బాతులాయన మమ్మల్ని దూరం నుంచి చూడగానే మందను గట్టు అవతలికి తోలడం మొదలుపెట్టాడు. పోలీసులనుకున్నాడేమో, లేదా అంతకన్నా ఘోరమని తెలిసే అట్లా చేశాడేమో. ఆయన భార్య మాత్రం కదల్లేదు, వల దగ్గరే కూర్చుంది. నేను పోయి పక్కన గట్టు మీద కూర్చున్నాను.

"చంపేస్తారంట కదమ్మా అన్నింటినీ" అంది.

ఏం చెప్పాలి? లేదు అని అబద్ధం చెప్తే ఆ పూటకు పని జరుగుతుంది. "ల్యాబులో రోగం ఉందని వస్తే చంపుతారక్కా. చంపినవాటికి గవర్నమెంటు డబ్బులిస్తుంది. రోగంతో వాటంతట అవి చస్తే పైసా రాదు. లేదని వస్తే మీ బాతులు మీవి" అన్నాను. ఈ రూలు నాకు అప్పటి నుంచీ మింగుడుపడదు. చంపించిన కోడికే పరిహారం, చచ్చిన కోడికి లేదు. దాచకుండా తొందరగా చెప్పాలనే అట్లా పెట్టారని సార్ అంటారు, నిజమే. కానీ రోగం గంపలో దూరిన మొదటి రాత్రే సగం పోగొట్టుకున్నవాడికి ఆ రూలు ఏం చెప్తుంది? గుడ్లు పెట్టే కోడికి అప్పట్లో కట్టిన పరిహారం 90 రూపాయలు. మా ఊళ్లో నాటుపెట్టను ఎవరైనా 90కి అడిగితే ముఖం మీద తలుపేస్తారు.

ఆమె భర్తను కేకేసింది. ఆయన వచ్చాడు. దారి అడిగితే, ఫారంలో గడులు చాల్లేదు. సంక్రాంతి ముందు ఎక్కడ, తర్వాత ఎక్కడ, ఏ చెరువు కింద ఎన్ని దినాలు, ఎక్కడ గింజ బాగా రాలింది, ఎక్కడ రైతు కర్ర పట్టుకుని వచ్చాడు. పది ఊళ్లు పైనే చెప్పాడు, వరస తప్పకుండా. మా రిజిస్టర్లలో ఏ గేదె చరిత్రా అంత శుభ్రంగా లేదు.

"ఈ మధ్య గుడ్లు తగ్గాయా?" అని సార్ అడిగారు.

ఆయన లుంగీ మడతలోంచి బడి పిల్లల నోటుబుక్కు ఒకటి తీశాడు. అట్ట మీద వాళ్ల కూతురి పేరు, తరగతి. లోపల లెక్కల మధ్య, వెనక పేజీల నుంచి, పెన్సిలుతో రోజూ వరసగా అంకెలు. గుడ్లు కొనే వ్యాపారి మోసం చెయ్యకుండా రాసుకునే లెక్క అది. రోజుకు నాలుగు వందల పైచిలుకు గుడ్లు, ఇంచుమించు ఒకే తీరు. ఒక్క చోట మూడు వందల లోపుకు పడింది. సార్ వేలు అక్కడ ఆగింది. నా గుండె కూడా.

"బండి ఎక్కించిన దినం సార్" అన్నాడు ఆయన. "బండెక్కితే బెదురుతాయి. మర్నాడు కట్టుకుంటాయి." మర్నాడు అంకె మళ్లీ పైకొచ్చి ఉంది. అంతకు ముందు బండి ఎక్కించిన రోజులు చూస్తే అక్కడా అదే పల్లం.

సార్ ఆ నోటుబుక్కును గట్టు మీద పెట్టి పేజీలన్నీ ఫోటోలు తీసుకున్నారు. వైరస్ దూరితే మందలో గుడ్లు పడిపోతాయి, మళ్లీ ఒక్క రోజులో లేవవు. పెద్ద ఫారాల వాళ్లు కంప్యూటర్లో రాసే లెక్కలు మాకు ఇప్పటికీ అడిగి అడిగి తెప్పించుకోవాలి. గుడ్ల వ్యాపారి మీద నమ్మకం లేక రాసుకున్న లెక్క మాకు ఇక్కడ పనికొచ్చింది.

నమూనాలు తీయడం గురించి ఎక్కువ చెప్పను. పీపీఈ సూటు, రెండు గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు. ఫిబ్రవరి ఎండే అయినా పది నిమిషాల్లో కళ్లద్దాలు ఆవిరి పట్టి ఏ బాతు ఏదో తెలియదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు గొంతులో ఒక పుల్ల, మలద్వారంలో ఒక పుల్ల తిప్పి, గులాబీ రంగు ద్రవం ఉన్న గొట్టంలో ముంచి విరవాలి. బాతును పట్టుకోవడం కోడిని పట్టుకున్నట్టు కాదు, మెడ పామైపోతుంది. రెండు నన్ను కొరికాయి, ఒకటి సార్ మీద రెట్ట వేసింది. దానికి ఎవరూ నవ్వలేదు, అందరం క్రిముల్ని చంపే హైపోక్లోరైట్ డబ్బా వైపు చూశాం. ఆ గొట్టాలకు మా ఊరి ఇళ్ల కోళ్ల నుంచి తీసినవి కూడా కలిపి, పేర్లు నంబర్లు రాసి, మూడు పొరల ప్యాకింగులో ఐసు మధ్య పెట్టి పంపించాం.

జవాబు కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంకో దారి బయటపడింది, దాన్ని తొందరగా చెప్పి వదిలేస్తాను. ఊళ్లో చికెన్ కొట్టు అబ్బాయిని, పక్షులు ఎక్కడి నుంచి వస్తాయి అని అడిగితే బిల్లులన్నీ చూపించాడు. పేగులు, తలలు, ఈకలు ఎటు పోతాయి అంటే మాత్రం "పంచాయతీ ట్రాక్టరు" అన్నాడు. మా సచివాలయంలోనే మత్స్య సహాయకుడి టేబులు నా పక్కనే ఉంటుంది. అతను తల ఎత్తకుండా "రాత్రి పదకొండుకి డ్రమ్ములు" అన్నాడు. మా జిల్లాలో తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. కోడి వ్యర్థాల్ని చేపల గుంటలకు తోలడం నేరం, అయినా తోలుతారు, మేత ఖర్చు మిగులుతుంది కదా. నేరం కాబట్టి ఎవరూ చెప్పరు. చెప్పరు కాబట్టి మా మ్యాపులో ఆ బండి తిరిగిన ఊళ్లకు గీత ఉండదు. ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు, ఏయే ఊళ్లు తిరిగిందో చెప్తే చాలు అని కొట్టు అబ్బాయిని రెండుసార్లు బతిమాలాను. మూడోసారి చెప్పాడు, నా ఫారంలో రాయకూడదన్న షరతు మీద. ఊళ్ల పేర్లు రాశాను, అతని పేరు రాయలేదు. అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేల్లేదు. ఆ ఊళ్లలో మా వాళ్లు తిరిగి చూశారు, కుప్ప ఎక్కడా తేలలేదు.

ఆ ఆదివారం నెల్లూరులో చేపల ధర ఆకాశంలో ఉందని మా అత్త ఫోన్లో గొణిగింది. మా ఇంట్లో పది రోజులు గుడ్డు కూడా వండలేదు, నేనే వండుదామంటే పిల్లలు ఒప్పుకోలేదు. రోజంతా ఊళ్లో "ఉడికిస్తే ఏం కాదు" అని చెప్పి వచ్చి, ఇంట్లో అదే మాట చెప్తే నమ్మేవాళ్లు లేరు.

మా ఊరి కోళ్లవి, బాతులవి, అన్నీ నెగెటివ్ వచ్చాయి. సార్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఒక గేదెకు సెలైన్ పెడుతున్నాను. బాతులాయనకు వెంటనే చెప్పాను. "సరేమ్మా" అని పెట్టేశాడు. అంత హడావుడి చేసినందుకు కోపంగా ఉన్నాడో, మందను బండెక్కించే తొందరలో ఉన్నాడో తెలియదు.

అయితే నెగెటివ్ రావడంతో పని అయిపోదు. రోగం వచ్చిన ఫారాన్ని శుభ్రం చేసి సర్టిఫికెట్ ఇచ్చిన తర్వాత కూడా మూడు నెలలు చుట్టుపక్కల నిఘా ఉంటుంది, పదిహేను రోజులకొకసారి మళ్లీ నమూనాలు. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది, ఎండలు ముదిరాయి, మే 13న ఎన్నికలు వచ్చాయి. ఆ మధ్య నాకు పోలింగ్ డ్యూటీ శిక్షణ ఒక పూట, కోళ్ల గొంతులో పుల్లలు ఒక పూట. జనానికి అప్పటికి బర్డ్ ఫ్లూ మీద ఆసక్తి పోయింది. చికెన్ ధర మళ్లీ లేచింది. నన్ను చూస్తే గంపల మీద గోనెపట్టాలు కప్పేవాళ్లు.

ఒక్క మార్పు నాలో వచ్చింది. ఆ తర్వాత ఏ వారం రిపోర్టులోనూ అడగకుండా 'నిల్' కొట్టలేదు. ప్రతి బుధవారం నాలుగిళ్లకు ఫోన్ చేసి అడిగి కొడతాను. సంఖ్య ఒకటి ఉన్నా ఒకటని రాస్తాను. పై నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది, "ఏంటమ్మా మీ ఊళ్లోనే వారం వారం కోళ్లు చస్తున్నాయి, పక్క ఊళ్లలో ఒక్కటీ లేదు" అని. పక్క ఊళ్ల కోళ్లకు ఆయుష్షు ఎక్కువేమో సార్ అన్నాను. మా డాక్టరు సార్ తర్వాత విని నవ్వారు, పై వాళ్లు నవ్వలేదు.

చివరి నమూనాల రోజు అవ్వ ఇంటికి పోయాను. ఏడు కోళ్లలో ఐదు మిగిలాయి, ఒకటి అమ్మింది, ఒకటి పండక్కి కోసింది. మనవడు ఒక్కొక్కటిగా పట్టి ఇస్తున్నాడు. అవ్వ గడప మీద కూర్చుని చూస్తోంది.

"ఇన్నిసార్లు పంపితివి గదమ్మా ఆ భోపాలుకి. నా నల్లపెట్ట దేనికి పోయిందో చెప్పినారా వాళ్లు?"

"దాన్ని పంపలేదు గదవ్వా. పూడ్చినాం."

"నువ్వే గదా పూడ్చమంటివి."

"అవునవ్వా."

ఆమె ఇంకేమీ అనలేదు. మనవడు నాలుగో కోడిని నా చేతికిచ్చాడు. దాని రెక్కలు ముడిచి పట్టుకుని, నోరు తెరిచి, పుల్ల లోపలికి పెట్టాను.